ఆ వాకిట్లో తాగిన నీళ్లు

గద్వాల, ఆదివారం రాత్రి

మెడ మీద గోళ్ల గాట్లు ఇంకా మండుతున్నాయి. చొక్కా గుండీలు అక్కడే ఎక్కడో రాలిపోయాయి.

తాత పుట్టిన ఇల్లు చూద్దామని నాన్న చెప్పిన గుర్తులు పట్టుకుని కోట వెనక సందులోకి పోయాను. ఇల్లు లేదు, మొండిగోడలే. పక్కింటి ముసలమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఎవరని కూడా అడగకుండా చెంబుతో నీళ్లిచ్చింది. ఆ ఎండకి గటగటా తాగేశాను. తాగాక, పెద్ద గొప్పగా, తాత పేరు చెప్పాను.

"మా నాయినను గీ వాకిట్లనే నరికిండు మీ తాత. నేను చూస్తుండంగనే" అంది.

కరువొచ్చి తాత ఊరొదిలాడనే కదా ఇన్నేళ్లూ మా ఇంట్లో చెప్పుకున్నది!

ఆ మాట విని ఆమె కొడుకు లోపలి నుంచి గొడ్డలితో వచ్చాడు. నా గొంతు పట్టి గుంజకేసి కొట్టాడు. కళ్లు బైర్లు కమ్మాయి. గొడ్డలి పైకి లేచింది.

"ఇడువురా! మన నీళ్లు తాగిండు. నీళ్లు తాగినోన్ని నరికితే మన ఇల్లు నిలుస్తదా?" అంటూ ముసలమ్మ వాడి చేతికి వేలాడింది.

గొడ్డలి నా చెవి పక్కన గుంజలో దిగింది.

ఇప్పుడు నాన్న నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తబుద్ధి కావడం లేదు. ఆయనకి తెలుసా? తెలిసే పంపాడా...

మధ్యాహ్నం నేను ఆ వాకిలి దాటుతుంటే ముసలమ్మ చెంబులో మిగిలిన నీళ్లు పారబోసింది.

"ఇంకోసారి రా బిడ్డా. ముందుగాల పేరడుగుత."