కైరో సలాం, నా సలాం

4 జూన్ 2009, గురువారం
హిద్ లేబర్ క్యాంపు

మధ్యాహ్నం మెస్‌లో తింటుంటే టీవీలో అమెరికా కొత్త ప్రెసిడెంటు కైరో నుంచి మాట్లాడుతున్నాడు. ముస్లింలకు సలాం చెప్పాడు, ఖురాన్ మాటలు కూడా ఎత్తాడు. అక్కడ ఒకటే చప్పట్లు. మా ఫోర్‌మన్ రషీద్ భాయ్‌ది పెషావర్. రొట్టె తుంచడం ఆపి, కళ్ళు చిన్నవి చేసుకుని తెర వంకే చూస్తూ కూర్చున్నాడు.

"మంచిగనే మాట్లాడుతుండు గదా అన్నా" అన్నాడు నా రూమ్మేటు గంగారాం.

"పాతాయన గూడ మసీదుకు వొయ్యి, ఇస్లాం అంటే శాంతి అన్నడు. ఆ ఎనక ఇరాక్ మీద బాంబులేసిండు. ఈయనకు ఏం పనిబడ్డదో ఎవలకెరుక?" అన్నాను. పని లేకుండా అంత పెద్దమనిషి సలాం చెప్తాడా? ఇప్పటికీ నాకు అనుమానమే.

తిన్నాక రషీద్ భాయ్ దగ్గరికి వెళ్ళాను. నా బావమరిది రేపు ఊరికి పోతున్నాడు, ఇంటికి పంపే సామాన్ అతనికి ఇచ్చి రావాలి. రేపటి శుక్రవారం ఓవర్‌టైం నుంచి నన్ను తప్పించమని అడగాలి.

"అస్సలాం అలేకుం, భాయ్" అన్నాను.

ఇందాక టీవీని చూసినట్టే నన్నూ చూశాడు. "బోలో, క్యా కామ్ హై?" అన్నాడు, చెప్పు ఏం పని అని.

మూడేళ్ళుగా ఆయన కింద పనిచేస్తున్నాను. మామూలు రోజుల్లో ఒక్కసారైనా సలాం చెప్పానా అని ఇందాకటి నుంచి గుర్తు చేసుకుంటున్నాను. ఒక్క రోజూ గుర్తుకు రావడం లేదు.

సెలవైతే ఇచ్చాడు. సలాంకు బదులు మాత్రం చెప్పలేదు.