మూడోనాటి పాఠం

ప్రజారోగ్య శిక్షణాధికారి గారి సముఖమునకు,
మార్కెట్ వెనుక సందులో బట్టలు కుట్టుకొని బతుకుచున్న దర్జీ విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: ఆత్మహత్యల నివారణ శిక్షణలో మూడోనాటి పాఠం జరగనందున, మొదటి రెండు పాఠాలు శ్రద్ధగా విన్నవాడికి కలిగిన ఇబ్బంది గురించి.

1. తమ కార్యాలయం వారు మా వీధి దుకాణదారులకు మూడు రోజుల శిక్షణ ప్రకటించగా, చేతిలో పని పక్కన పెట్టి హాజరైనాను. మొదటినాడు లక్షణాలు కనిపెట్టడం నేర్పినారు. రెండోనాడు, అవి కనబడిన మనిషిని డొంకతిరుగుడు లేకుండా "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని అడగాలనీ, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదనీ నేర్పినారు. అవునంటే ఏమి చేయాలో మూడోనాడు చెబుతామన్నారు. ముఖ్య అతిథి గారికి తీరిక లేనందున ఆ మూడోనాడు వాయిదా పడినది. యోగ్యతాపత్రాలు మాత్రం, అప్పటికే అచ్చయి ఉన్నందున, పంచిపెట్టినారు. నాది దుకాణంలో అద్దం పక్కన వేలాడుచున్నది.

2. నా బావమరిది నా దుకాణంలోనే కాజాలు కుడతాడు. కొలతలకు వచ్చినవారు బొజ్జ బిగపడితే "ఊపిరి వదలండి, చొక్కా మీకు, ఫొటోకి కాదు" అని నవ్వించే మనిషి. కొంతకాలంగా నోరు మెదపడు. మొన్నామధ్య, ఎవరినీ తాకనివ్వని తన కత్తెర తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇక నువ్వే వాడుకో బావా" అన్నాడు. ప్రాణంగా చూసుకునే వస్తువు ఇచ్చేయడం మొదటినాటి పాఠంలోని లక్షణము. కావున రెండోనాటి పాఠం ప్రకారం అడిగియున్నాను.

3. "అనిపిస్తోంది బావా" అన్నాడు. ఎందుకురా అంటే, "కారణమంటూ కనబడితే బాగుణ్ణు, కుట్టు విప్పి మళ్ళీ వేసుకునేవాణ్ణి" అన్నాడు. ఇక్కడితో నా శిక్షణ సమాప్తము.

4. తమ కార్యాలయానికి ఫోన్ చేయగా, మూడోనాటి పాఠం కాకుండా ఎవరినీ అడగకూడదు కదా అని గుమాస్తా గారు మందలించినారు. అడిగేశాననీ, అవునన్నాడనీ మనవి చేశాను. దానికి వారు, "అయితే ఆయన్ని కాస్త ఆగమనండి" అన్నారు.

5. ఆసుపత్రికి తీసుకుపోయాను. మనోవ్యాధుల డాక్టరు గారి గదికి తాళం. తలుపు మీద "శిక్షణ నిమిత్తం వెళ్ళియున్నారు" అను కాగితం. మాకు పాఠాలు చెప్పేది వారే గనుక, ఆ మూడోనాడు పూర్తయ్యేదాకా రికార్డు ప్రకారం శిక్షణలో ఉన్నట్టేనని అటెండరు చెప్పినాడు.

6. చేసేది లేక గుమాస్తా గారి మాటే మావాడికి అప్పజెప్పాను. చాన్నాళ్ళకు వాడి పెదవి ఒక పక్కకి కదిలింది. "సరే బావా, ఆ మూడోరోజు అయ్యేదాకా ఆగుతా" అని నా చేతిలో చెయ్యి వేశాడు. మాట తప్పే మనిషి కాడు. నాటినుండి కంటికి రెప్పలా కాచుకొని ఉన్నాము. నేను టీకి లేస్తే వాళ్ళక్క వచ్చి నా కుర్చీలో కూర్చుంటుంది. ఇది ఏ పాఠంలోనిదో తెలియదు, మాకు వచ్చింది ఇదొక్కటే. రోజూ దుకాణం తీస్తూనే వాడడిగే మొదటి మాట: "తేదీ వచ్చిందా బావా?"

కావున మూడోనాటి పాఠానికి వెంటనే తేదీ ఇప్పించ ప్రార్థన. ముఖ్య అతిథి గారి కుర్చీ ఖాళీగా ఉండరాదన్నచో మా బావమరిది కూర్చుంటాడు. ఆ పాఠానికి వాడికన్నా ముఖ్యుడు ఈ వీధిలో లేడు.

ఆలస్యం చేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మూడింట రెండు వంతులు శిక్షణ పొందిన దర్జీ

తా.క.: సంతకం పెట్టాక ఒక సంగతి తట్టి మళ్ళీ కలం పట్టినాను. వాడు ఆగుతానన్నది పాఠం అయ్యేదాకానే. అయిపోయాక? కాబట్టి అయ్యా, ముందు డాక్టరు గారి గది తాళం తీయించండి, పాఠం తర్వాత. అది మీవల్ల కాకపోతే అసలు తేదీయే ఇవ్వకండి. వాయిదా అనే రాయించండి. ఎన్నిసార్లు వేసినా ఇక ఫిర్యాదు చేయను. రద్దు అని మాత్రం రాయించకండి. మీ జవాబు వస్తే నాకన్నా ముందు విప్పి చదివేది వాడే.