నా చీరలు, చంద్ర నంబరు

ఏప్రిల్ 3

షావుకారు ఈ రోజు అందరినీ నిలబెట్టి చెప్పాడు. పులివెందులలో కొత్త బ్రాంచి. శ్రావణమాసం లోపల తెరుస్తాడట. ఇన్‌చార్జి బయటివాడు కాదు, మాలో ఒకడే.

పద్నాలుగేళ్లుగా ప్రొద్దుటూరులో ఈ అంగట్లోనే, ఈ పట్టుచీరల కౌంటరు దగ్గరే నిలబడి ఉన్నాను. ఇల్లు పులివెందులలో. సుజాత అక్కడి బడిలో టీచరు, హరిణి అదే బడిలో నాలుగో తరగతి. నేను ఇక్కడ అద్దెగదిలో... వారానికొక రోజు మొగుణ్ణి, వారానికొక రోజు నాన్నను. ఈ పోస్టు నాకు రావాలి. రావాలి అంతే.

ఏప్రిల్ 4

సుజాతకు ఫోన్లో చెప్పాను. వెంటనే అడిగింది — "నోరు తెరిచి అడుగుతావా, ఈసారి కూడా ఎవరికన్నా ఇచ్చేసి వస్తావా?"

ఎంత మాట!

ఏప్రిల్ 6

అడిగాను. షావుకారు నవ్వాడు. "నీ అంత మంచోడు ఈ అంగట్లోనే లేడప్పా శీనా" అన్నాడు. మంచోడు అన్నాడంటే పని కానట్టే. ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది అదొక్కటే.

తర్వాత కంప్యూటరు కాగితం తీసి ముందర పెట్టాడు. రెండేళ్లలో ఎవరు ఎన్ని చీరలు అమ్మారో అందులో ఉంది. 22వ నంబరు అందరికంటే పైన. నాది 14... కింది నుంచి మూడోది.

22 అంటే చంద్ర.

ఏప్రిల్ 7

అన్నం సహించలేదు. ఎందుకు సహిస్తుంది? ఆ 22లో సగం నావే.

చీర అమ్మినవాడు చీటీ మీద తన నంబరు రాసి బిల్లుకు పంపాలి. అదీ మా పద్ధతి. చంద్ర జమ్మలమడుగు నుంచి వచ్చి చేరిన కొత్తలో బేరం చేయడం తెలిసేది కాదు. రెండు నెలలు వరసగా టార్గెట్ తప్పాడు. మూడో నెల కూడా తప్పితే ఇంటికే. "అన్నా, ఈ నెలకు నాలుగు చీరలు నా నంబరు మీద ఎయ్యన్నా" అన్నాడు. వేశాను. ఆ నెలతో ఆపాలా వద్దా? ఆపలేదు. నెలాఖరు వస్తే చాలు, వాడు నా వైపు చూస్తాడు. నా చెయ్యి 22 రాసేస్తుంది. ఇట్లా రెండేళ్లు! బుద్ధి ఉన్నవాడెవడైనా చేస్తాడా?

ఏప్రిల్ 8

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. సరే, మొత్తేవాడికి బుద్ధి లేదు. మెత్తగా ఉన్నవాడికి ఉందా?

ఏప్రిల్ 9

సెలవు. పులివెందుల. సుజాతకు అంతా చెప్పేశాను. చీనీకాయ వలుస్తూ విన్నది. తిట్టలేదు.

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని పిల్లోళ్లకు చెప్తాంటా. అట్లాంటోడు నా ఇంట్లోనే ఉండాడు" అని తొనలన్నీ హరిణి చేతిలో పెట్టి లోపలికి పోయింది.

ఇంకొకటి. హరిణి క్లాసంతా చెప్పేసిందట, మా నాన్న ఇంక రోజూ ఇంటికొస్తాడని. ఎవరు చెప్పమన్నారు దానికి? నేనెప్పుడన్నాను?

ఏప్రిల్ 10

పొద్దున బస్సులో ఒక ముసలాయనకు సీటిచ్చాను. ముద్దనూరులో ఆయన దిగాడు. ఆ సీట్లో ఇంకొకడు కూర్చున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను... ప్రొద్దుటూరు దాకా.

ఏప్రిల్ 12

పెద్దముడియం వాళ్లు వచ్చారు. చిన్నకూతురి పెళ్లి. ఆ ఇంటి పెద్దమ్మ గడప దాటుతూనే "శీనప్ప యాడ?" అని అడిగింది. ఇంకెవరు రమ్మన్నా కూర్చోలేదు. మూడు గంటలు, పందొమ్మిది చీరలు.

బిల్లు దగ్గర ఆమె పాత బిల్లొకటి తీసింది. పోయిన ఏడాది పెద్దకూతురి పెళ్లికి కొన్నది. మేము పాత గిరాకీ, తగ్గించండి అని. షావుకారు కొడుకు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అప్పుడు గూడా శీనప్ప దగ్గరే కొన్నానంటాంది ఈయమ్మ. బిల్లు మీద చంద్ర నంబరుందేంది?"

నేనేమన్నాను? ఆ రోజు టీకి పోయి ఉంటానన్నాను.

టీకి! పెళ్లిచీరల బేరం వదిలిపెట్టి టీకి పోతాడా ఎవడైనా? దేవుడు నోటి దగ్గరికి తెచ్చిన ముద్దను ఉమ్మేశాను. చంద్ర పక్కనే చీరలు మడత పెడుతూ ఉన్నాడు. తల కూడా ఎత్తలేదు.

ఏప్రిల్ 13

షావుకారు లోపలికి పిలిచాడు. కొడుకు చేత పాత బిల్లులు తీయించాడట. ఎల్లుండి లోపల నిజం చెప్పమన్నాడు. చెప్పకపోతే కాగితంలో ఉన్నట్టే చంద్రను పులివెందుల పంపిస్తాడట.

ఏప్రిల్ 14

మధ్యాహ్నం చంద్రను గోదాములోకి పిలిచాను. బతిమాలుతాడనుకున్నాను. బతిమాలితే కరిగిపోతానని నా భయం. వాడు బతిమాలలేదు.

"మొదటి నెల అడిగినా, నిజమే. ఆ తర్వాత నేనడిగినానా శీనన్నా? నువ్వే ఏసినావు. అందరూ నిన్ను మంచోడనాల. దానికే ఏసినావు."

ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు నా చీరలు తిన్నవాడు నాకు చెప్పేవాడయ్యాడు!

రాత్రి కాకముందే కోపం చల్లారింది. వాడన్నది నిజం కాబట్టి. పెద్దముడియం పెద్దమ్మ నా పేరు పెట్టి అడిగితే ఎంత సంతోషం నాకు. చంద్ర "దేవుడివన్నా" అంటే ఇంకా సంతోషం. ఆ మాట కోసమే ఇంటికి పోయే దారి నేనే మూసుకున్నాను.

ఏప్రిల్ 15

చెప్పేశాను. దాచకుండా, మొదటి నెల నుంచి.

షావుకారు భుజం తడతాడనుకున్నాను, పిచ్చివాణ్ణి. ఆయన కళ్లద్దాలు తీసి పెట్టాడు. "రెండేండ్లు నాకు దొంగలెక్క చూపించినావు కదప్పా. పులివెందులలో పదిమంది నీ చేతికింద ఉంటారు. ఎవుని చీరలు ఎవుని మీద ఎక్కిస్తావో నాకేం తెలుస్తాది?"

అదీ నిజమే. ఈ వారం అందరూ నాకు నిజాలే చెబుతున్నారు.

రేపు సాయంత్రం తేలుస్తానన్నాడు. ఎవరిని పంపేది, ఎవరిని తీసేసేది. తీసేసేది కూడా ఉందట!

సుజాతకు ఫోన్ చేస్తే "పోనీలే, చెప్పినావు కదా" అంది. ఆమె అంత మెత్తగా మాట్లాడితే నాకు భయం.

ఏప్రిల్ 16, సాయంత్రం

వారం సెలవైనా ఊరికి పోలేదు. పదకొండు చీరలు అమ్మాను. పదకొండింటి మీదా 14 రాశాను. రెండుచోట్ల కొట్టేసి రాయాల్సి వచ్చింది.

డైరీ అంగడికి ఎప్పుడూ తేలేదు. ఈ రోజు తెచ్చాను. కౌంటరు మీద గిరాకీ లేదు.

చంద్రను లోపలికి పిలిచి అర్ధగంటయింది. అద్దం తలుపులోంచి కనిపిస్తున్నాడు. కూర్చోమన్నట్టు లేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. షావుకారు ఏదో అంటున్నాడు, వాడు తల దించుకున్నాడు.

వాడు పోతే నాకొస్తుంది. ఇంకేం కావాలి నాకు?

కాళ్లు అటే లాగుతున్నాయి. పోయి, సార్, వాణ్ణి తీయొద్దు, తప్పు నాది అని... థూ, నా బతుకు. కూర్చోరా శీనా. నోరు మూసుకుని కూర్చో.

నిలబడే రాస్తున్నాను ఇది.