నల్లోడిని ఎక్కడికీ పంపలేదు

నాన్నా,

అందరం బాగున్నాం. కంటి ఆపరేషనని నువ్వు మా దగ్గర వదిలిన కుక్కను ఎక్కడికీ పంపలేదు, బెంగపడకు. నల్లోడి ఒంటి మీది పురుగులు పరుపుల్లో చేరి మమ్మల్ని కుట్టి చంపిన మాట నిజమే. "అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అని నీ అల్లుడు కేకలేశారు. పశువుల డాక్టరు మందిచ్చాడు. దుప్పట్లన్నీ మరిగే నీళ్ళలో ఉడకేశాను. మందు నీళ్ళు పోస్తుంటే నల్లోడు వణికిపోతూ ఈయన చంకలో తల దూర్చాడు. అంతే, కోపం నీరుగారిపోయింది. ఇప్పుడు వాడి ఒళ్ళు దువ్వే దువ్వెన కూడా నా చేతికివ్వడం లేదు.

అక్కడ ఇంట్లో వాడు పడుకున్న గోనెపట్టా కాల్చెయ్యి, అందులో పురుగుల గుడ్లుంటాయట. కంట్లో చుక్కలు మానకు. అమ్మ మోకాలెలా ఉంది?

నల్లోడిని తీసుకెళ్ళడానికి వస్తానన్నావుగా. "మామయ్యగారిని రమ్మను, ఎన్నాళ్ళయినా ఉండమను. వాణ్ణి మాత్రం పంపను" అంటున్నారు. అమ్మకు నా ముద్దులు.

నీ చిన్నమ్మాయి