పేరు చెబితే గుణం పోయే పొడి

చూలై, మద్రాసు.

అక్కయ్యకు రమణయ్య నమస్కారాలు. ఈడ అందరం బాగానే ఉండాము. బావ మోకాళ్లు ఎట్లుండాయి? నేను కూతురింట్లో కుదురుకున్నా, దిగులు పెట్టుకోవద్దు. ఊరికి చెన్నై అని పేరు మార్చినారు గానీ ఉక్క మాత్రం పాతదే. నీళ్ల లారీ రాగానే బిందెల కాడ జరిగే యుద్ధం ముందు మనూరి ఎలక్షన్లు ఎందుకూ చాలవు. సరే, అది వదిలెయ్.

మన సుశీలను పిల్లల్లేనోళ్లకు వైద్యం చేసే డాక్టరమ్మకు చూపిస్తున్నాం. మొగుడూ పెళ్లాలిద్దరి నుంచీ బీజాలు తీసి, గాజుగిన్నెలో కలిపి, పిండం కట్టినాక కడుపులో పెడతారంట. పాలు తోడుపెట్టడం లాంటిదే అనుకున్నా. అర్థమైందనిపించింది. పొద్దున లేస్తే మళ్లీ అర్థం కాలా.

నువ్వు మనూరి వైద్యుడు పెంచలయ్య దగ్గర తీసుకుని పంపిన పొడిని మా వియ్యపురాలు రోజూ తేనెలో రంగరించి పెడతా ఉంది. ఉప్పూ పులుపూ లేని పథ్యం. పిల్ల ముఖం పీక్కుపోయింది. మొన్న డాక్టరమ్మ పట్టుకునింది.

"ఇంకేం మందు తింటున్నావమ్మా?"

సుశీల నా వైపు చూసింది. నేను ఫాను వైపు చూశా.

"ఊరి మందండీ. ఏముందో చెప్పరు. చెబితే గుణం పోతుందంట."

"ముందు అది ఆపు. అందులో ఏముందో తెలియకుండా నేను సూదులు మొదలుపెట్టను."

ఇంటికొస్తే వియ్యపురాలు నెత్తి కొట్టుకునింది. "ఎన్నప్పా ఇది, ఏందిది! పేరు చెప్తే మందు చచ్చిపోతాది అన్నయ్యా. మా ఆడబిడ్డకు ఇట్లాంటి మందుతోనే పిల్లోడు పుట్నాడు!" అల్లుడేమో "మీరే చెప్పండి మామా" అని నా మీదికి తోశాడు. ఆమె చెబితే ఆమెది నిజమనిపిస్తుంది, డాక్టరమ్మ చెబితే ఆమెదీ నిజమే. రెండింటినీ మోయను నాకుండేది ఒక తలకాయే.

నిన్న సుశీల బియ్యం ఏరతా అడిగింది. "నాన్నా, ఈ సూదులు ఈ ఒక్కసారికి పడతా, ఇంకోసారి పడే ఓపిక నాకు లేదు. ఇదే ఆఖరు. ఆ పొడి నాకు అడ్డమా, తోడా?"

చేటలోంచి ఒక మట్టిబెడ్డ తీసి పారేశా.

అప్పుడు తోచింది. పెంచలయ్య చేత ఆ ఆకుల, వేర్ల పేర్లు చెప్పించు. చెబితే గుణం పోతుందా, పోనీ, ఇంక సూదులకు అడ్డం రాదు. పోదా, ఏముందో డాక్టరమ్మే చూసుకుంటుంది. ఈ మాటంటే సుశీల చాన్నాళ్లకు నవ్వింది. "రాయి నాన్నా. కానీ మేనత్త ఆశపడి పంపింది, నొచ్చుకోకుండా రాయి" అనింది.

నాకది చేతకాలేదు. నొచ్చుకున్నా సరే, ఇది చదివిన వెంటనే చెప్పులేసుకుని పెంచలయ్య ఇంటికి పో. బావకు నమస్కారాలు. పిల్లను దీవించు. ఏ మందు నమ్ముకుని అని అడక్కుండా దీవించు.

నీ తమ్ముడు,
రమణయ్య