లిడియా చేతికే వల

సర్వశక్తిగల దేవుణ్ణి సాక్షిగా పెట్టుకుని, ఏ సర్కారునూ పెట్టుకోకుండా, కుస్కోక్విమ్ నది ఒడ్డున పుట్టి పెరిగిన యూపిక్ తెగవాడిని, మా సంఘంలో జీతం లేని బోధకుణ్ణి, ఒబదయా కషటాక్ అనే నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. కోపంగా ఉన్న మాట నిజమే. కోపం మతిభ్రమణం కాదని లాయరమ్మ ఒప్పుకుంది.

1. దీన్ని అమలుపరచవలసినవాడు నా తమ్ముడి కొడుకు ఎనాక్. పడవ, ఇంజను వాడివే. ఇంజను మొదటిసారికే అందుకోదు. దాన్ని తిట్టవద్దు, ప్రార్థించు.

2. మా అక్క బెర్తాకు నా తోలు కోటు. ఏటా వలలో పడిన మొదటి సాల్మన్ తలకాయ కూడా ఆమెదే. ఆ చేపలో తక్కినదంతా ముక్కలు చేసి ఊళ్ళో ముసలివాళ్ళకు పంచాలి. పట్టినవాడు దాన్ని రుచి చూడకూడదు. ఇది మా పద్ధతి. దీనికి పర్మిట్ ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ రద్దు చేయలేరు.

3. నది ఒడ్డున మా చేపల విడిది, చేపలకు పొగపెట్టే గుడిసె, వాటిని ఆరబెట్టే దండేలు నా కూతురు ఫెబీకి, ఆమె తర్వాత ఆమె కూతురు లిడియాకు చెందాలి. నా భార్య పోయిన ఏడాదే ఈ పిల్ల పుట్టింది. భార్య పేరే పెట్టాం, కాబట్టి ఆమే తిరిగి వచ్చింది. కన్నతల్లి దాన్ని "అమ్మా" అని పిలుస్తుంది. అది నన్ను "ఏం ముసలోడా, మళ్ళీ తడి బూట్లతో లోపలికొచ్చావా?" అని నిలదీస్తుంది. అచ్చం ఆవిడే.

4. పిల్లకు మూత్రపిండాలు పాడయ్యాయి. రక్తం శుభ్రం చేసే యంత్రం మా ఊళ్ళో లేదు. అందుకని తల్లీబిడ్డలు ఏంకరేజ్ పట్నంలో ఉంటున్నారు. పోయిన వేసవిలో వాళ్ళిద్దరూ విడిదికి వచ్చి వల మీద చెయ్యి వేశారో లేదో, కేంద్రం ఆఫీసరు పడవ వచ్చి ఆనుకుంది.

"అమ్మా, మీ చిరునామా పట్నానిది. ఇక్కడ చేపలు పల్లెవాళ్ళకే. వల వదిలేయండి" అన్నాడు.

"బాబూ, ఇకనుంచి చేపలకు చిరునామా చూపించాలా?" అంది బెర్తా. నేను టోపీ తీసి నచ్చజెప్పబోతే నా మీద పడింది: "ఒరే, ప్రతి ఆదివారం ఫరో రాజు మీద గొంతు చించుకుంటావే, ఈ కుర్రాడి ముందు టోపీ తీస్తావేంరా!"

ఈ నది మీద పెత్తనం ఎవరిదని కేంద్రంతో తగువులాడుతున్న రాష్ట్రం ఆఫీసుకు వెళ్ళాను. వాళ్ళు కాఫీ ఇచ్చారు. "మా దగ్గర అందరూ సమానమే తాతా. నది మా చేతికొస్తే మీ అమ్మాయి హాయిగా వల వేసుకోవచ్చు. మిగతా రాష్ట్రమంతా కూడా వేసుకోవచ్చు" అన్నారు. చేపను గాలానికి తగిలించి, ఫోటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలే పెద్దమనుషులూ అందులోకే వస్తారట. తనంతట తాను మన దగ్గరకు వచ్చిన చేపతో ఆటలా! అవమానపడిన చేప మళ్ళీ ఎందుకు వస్తుంది?

ఒకరేమో నా కూతురు నాకేమీ కాదంటారు. ఇంకొకరేమో రాష్ట్రమంతా నాకు కూతుళ్ళే అంటారు. ఇద్దరి మధ్య నా భార్య తన విడిదిలోనే పరాయిదై ఒడ్డున కూర్చుని ఏడ్చింది. దానికి తొమ్మిదేళ్ళు.

5. ప్రభువు వలను పడవకు కుడివైపున వేయమన్నాడు. కుడివైపు కేంద్రానిదా రాష్ట్రానిదా అని పేతురు అడగలేదు, వేశాడు. ఇది యోహాను సువార్త చివరి అధ్యాయంలో ఉంది, ఆఫీసర్లిద్దరూ చదువుకోవచ్చు. అందుకే నా పరిశుద్ధ గ్రంథాన్ని ఇద్దరికీ ఉమ్మడిగా ఇస్తున్నాను. అదెవరి అధికారంలోకి వస్తుందో వాళ్ళే తేల్చుకోవాలి.

6. నా భార్య చేపలు కోసిన అర్ధచంద్రాకారపు కత్తి లిడియాకు. ఇది దానం కాదు. నీ వస్తువు నీకు అప్పగిస్తున్నాను, అంతే. వేళ్ళు జాగ్రత్త.

7. వల కూడా లిడియాదే. నీళ్ళలో దాన్ని వేసే హక్కును వీలునామాలో రాసి ఇవ్వడం కుదరదని, ఈ పేరా చెల్లదని లాయరమ్మ చెప్పింది. కొట్టేయమంది. కొట్టేయలేదు.

8. నా సమాధి విందుకు చేప కావాలి. దుకాణం నుంచి డబ్బా చేపలు తెచ్చారో, నేను లేచి వచ్చి ప్రసంగం చేస్తాను. నదిలో ఆ రోజు ఎవరి నిషేధం ఉన్నా సరే, ఎనాక్ పడవ నడపాలి, లిడియా తన చేత్తో వల వేయాలి. ఆఫీసరు వస్తే ఎవరూ దాక్కోవద్దు, గొడవ పడొద్దు. టీ ఇచ్చి, ఈ కాగితం చూపించి, కేసు నా పేరు మీద రాయమనండి. ఆజ్ఞ నాది, నేరం నాది. నన్ను ఏ కోర్టుకు పిలవాలో రెండు సర్కార్లూ కొట్టుకు చావనీయండి. నా విచారణ అప్పటికే ఇంకోచోట మొదలై ఉంటుంది. అక్కడ న్యాయాధిపతి పునరుత్థానమయ్యాక ఒకనాటి పొద్దున ఒడ్డున నిప్పు రాజేసి, చేపలు కాల్చి, ఆకలిగా ఉన్నవాళ్ళను రమ్మని పిలిచినవాడు. ఆయన ఎవరి చిరునామా అడగలేదు.

నది గడ్డకట్టి ఉన్న ఫిబ్రవరి నెల, 11వ తేదీ, 2019.

(సంతకం) ఒబదయా కషటాక్

సాక్షులు: సంఘ పెద్ద జోయెల్ అందావ్, బడి వంటమనిషి రోడా పిట్కా. ఎనిమిదో పేరా విని రోడా నవ్వింది. అయినా సంతకం చేసింది.