రొయ్యలు లెక్కపెట్టిన కెమెరా

బావా,

భీమవరం చుట్టుపక్కల సమస్త రొయ్యలకూ ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఇకమీదట మిమ్మల్ని కంప్యూటరు లెక్కపెట్టును.

నువ్వు పోయి నేటికి ఏడాది. ట్రేలోని రొయ్యల్ని ఫొటో చూసి లెక్కపెట్టే కంప్యూటరును కాలేజీవాళ్లు పరిశోధన కోసం మన చెరువుగట్టుకు తెచ్చారు. కిలోకి ఎక్కువ రొయ్యలు తూగితే చిన్నవని ధర తగ్గిస్తారు కదా. అలా ధర తగ్గించడానికి విరిగిన తోకల్నీ లెక్కలో కలుపుతున్నాడని నువ్వు పట్టుకుంటే, నిన్నే అందరి ముందూ అబద్ధాలకోరన్న కొనుగోలుదారు వెంకన్నను నేనే పనిగట్టుకుని పిలిపించాను.

"ముందు మీరు లెక్కపెట్టండి గురువుగారూ."

"కిలోకి యాభై" అన్నాడు. కంప్యూటరు నలభై చూపించింది.

"తోకలక్కూడా ప్రాణం పోశారేంటండీ?" అన్నాను. గట్టు మీద అందరూ నవ్వారు.

"మీ బావగారు చెప్పిందే నిజమండి" అని వెంకన్న తలవంచుకున్నాడు.

ఆ చివరి మాట అతను అనలేదు బావా. బండెక్కి పోయాడు. నీకోసం నేనే కల్పించాను.